తిరగేయని దిమ్మ

మాఘ శుద్ధ విదియ

పోటు ఉదయం తొమ్మిదిన్నరకు. నీరు తేట. మొలక కుంటలో ఉప్పు మూడుంబావు శాతం. మంచినీటి యంత్రాల్లో రెండోది మళ్లీ ఆగింది. వడపోత గుడ్డ మార్చాను.

ఈ రోజు గనగళ్ల పోలమ్మ కూతురు రాజీ సారె దిమ్మకు తనిఖీ. పెళ్లి నాగులరేవు కుర్రాడితో, ఈ పక్షంలోనే. రాజీకి పద్దెనిమిది నిండిన రోజున తడి గచ్చు మీద అరచెయ్యి అద్దించి, దిమ్మను మా కుంటలో దించాం. మునిగిన పట్నం మేడలను పిండి కొట్టి, గవ్వపొడి కలిపి పోసిన దిమ్మే. అయినా మూడేళ్లలో అది రాయన్న సంగతి మరిచిపోయేంతగా ప్రాణం పట్టింది. పైనా, నాలుగు పక్కలా లెక్క రాశాను. ఆలుచిప్పలు నలభై ఒకటి, పగడపు మొలకలు పన్నెండు, స్పాంజీలు తొమ్మిది, బొరియల్లో పీతలు మూడు. చేప లేని ఏళ్లు చూసినవాళ్లకి ఇంతకు మించిన సారె అక్కర్లేదు. పిల్లతోపాటు తన ఊరి నీటిలో పెరిగిన ప్రాణం వెళ్లి, సముద్రం అడుగున అత్తవారి ఊరు పేర్చుకున్న దిబ్బలో కలుస్తుంది. ఒకే నీటి సంతతితో నిండిన దిబ్బ ఒక్క తెగులుకే పోతుంది. అందుకే ఈ ఆచారాన్ని నేను ఎప్పుడూ సమర్థించాను.

పక్కలు చూడడం అయ్యాక కుంట పని చూసే సోములుకి, కుర్రాళ్లకి “తిరగెయ్యండి” అని చెప్పాను.

పోలమ్మ దిమ్మకి అడ్డంగా కూర్చుంది. “పిన్నీ, మిగిలినయన్నీ సూసేవు కదేటి. అడుగొద్దు. పెళ్లికూతురి సెయ్యి బోర్లా మట్టిలో ఎట్టేస్తే ఏటి శకునమది?”

“మట్టి కాదు, కడిగిన ఇసక,” అన్నాను.

“ఓలమ్మా, ఇసకైతే మంచి శకునమేటి?”

కుర్రాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. మల్లెపూత అనే తెగులు వెలుతురు తగలని చోటే పుడుతుంది. మల్లెమొగ్గలు పరిచినట్టు అందంగా ఉంటుంది. అది పక్కల మీదికి పాకి కంటికి కనిపించేసరికి కిందున్నదంతా ఊపిరాడక చచ్చి ఉంటుంది. మా మెట్టపేట మొదటి దిబ్బ దానికే పోయింది. అడుగు చూడని దిమ్మ ఊరు దాటకూడదన్న నియమం ఆ తర్వాత వచ్చింది. దాన్ని రాసింది నేనే.

సోములు గడ్డపలుగు దూర్చి ఎత్తాడు. సగంలో కప్పీ తాడు జారింది. దిమ్మ బోర్లా పడింది. అడుగు శుభ్రం. మళ్లీ నిలబెట్టి చూస్తే పైనున్న అరచేతి ముద్రలో బొటనవేలు కొస చెక్కు లేచిపోయింది.

“నా పిల్ల బొటనేలు ఇరిసేసినావు,” అంది పోలమ్మ. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తనిఖీ బిళ్ల కట్టాను. అమ్మల ఏడుపులకి నియమాలు సడలిస్తే సముద్రం మళ్లీ చస్తుంది. ఇది రాసేటప్పుడు నాకేమీ సందేహం లేదు.

మాఘ శుద్ధ సప్తమి

నీలి దిమ్మకు తనిఖీ. నీలి నా కూతురి కూతురు. దాని పెళ్లి కూడా నాగులరేవులోనే, రాజీ పెళ్లి రోజే.

లెక్క: ఆలుచిప్పలు అరవై మూడు, పగడపు మొలకలు ఇరవై, స్పాంజీలు పద్నాలుగు. ఒక బొరియలో గుడ్లు పొదుగుతున్న ఆక్టోపస్. ఇంత పంట పట్టిన దిమ్మ ఈ కుంటలో లేదు.

సోములు పలుగు తెచ్చాడు. “తిప్పీమంటావా మామ్మా?”

“ముందు నువ్వు తిని రా. కుర్రాళ్లని కూడా తీసుకుపో.”

“ఒక్కత్తివే తిప్పుతావేటి? తొంభై కిలోలు.”

“కప్పీ ఉంది కదా. వెళ్లు.”

వాళ్లు వెళ్లాక అంచుల కింద అద్దం దూర్చి, టార్చి వేసి చూశాను. చెయ్యి పోయినంత మేర చూశాను. కనిపించినంతలో శుభ్రంగానే ఉంది. నడి మధ్యన రెండు అరచేతుల వెడల్పున చీకటి మిగిలింది. అద్దం అక్కడిదాకా పోలేదు.

దిమ్మను తిరగేయలేదు.

బిళ్ల కట్టాను. సోములు తిరిగొచ్చి బిళ్ల చూసి, కప్పీ తాడు చుట్టి పెట్టాడు. ఎందుకు తిరగేయలేదో రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు.

మాఘ శుద్ధ త్రయోదశి

పెళ్లిళ్లు అయ్యాయి. రెండు దిమ్మలకీ పసుపు రాసి, తడి గోనెలు కప్పి, ఒకే పడవలో నాగులరేవు తీసుకెళ్లాం. ఒకే ఊరి పిల్లలు కనుక దిబ్బ మీద పక్కపక్కనే చోటిచ్చారు.

దించబోయే ముందు నీలి అత్త మైలపల్లి కొర్లమ్మ కోడలి అరచేతి ముద్ర మీద వేళ్లతో నిమిరింది. ఊరందరికీ వినపడేలా అంది: “సూడండర్రా, సెక్కు సెదరలేదు. లచ్చిందేవి సెయ్యి!”

ఆమె కళ్లు పక్కనున్న రాజీ దిమ్మ మీదికి, ఆ విరిగిన బొటనవేలి మీదికి పోయాయి. పోలమ్మ నా వైపు చూసింది. ఆ చూపుని తప్పించుకోవడానికి గోనెలు లెక్కపెట్టాను. పన్నెండు.

పడవ ఎక్కబోతుంటే నీలి నా చెవిలో, “అమ్మమ్మా, నా దిమ్మ అడుగు ఎలగున్నాది?” అని అడిగింది.

“శుభ్రంగా ఉంది.”

రాత్రి దీపం ఆర్పేముందు ఈ రెండు మాటలూ రాసి చూసుకున్నాను. ఒకటి కూడా నిజం కాదు, అబద్ధమూ కాదు. నాకు తెలియదు, అంతే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పిన పిల్లల చేత బడిలో నేను గుంజీళ్లు తీయించేదాన్ని.

జ్యేష్ఠ బహుళ పంచమి

నీలి బొమ్మ పంపింది. దిబ్బ మీదికి దించే కెమెరా, నాగులరేవు నీటికన్నుతో తీసింది. రెండు దిమ్మల నడుమ ఇసక మీద తెల్లటి పూత, చంటిపిల్ల దుప్పటంత.

“ఇదేటి అమ్మమ్మా? మల్లెపూలు పోసినట్టున్నాది. మా అత్త దిష్టి తీయించేసినాది,” అంది ఫోనులో.

“గీకొద్దని చెప్పు. ఎవరూ ముట్టుకోవద్దు. తునిగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది.”

“ఏ దిమ్మ నుంచి వచ్చినాదో తెలుస్తదా?”

“చూడాలి,” అన్నాను.

మా కుంటకి పోయి, నీలి దిమ్మ ఇదివరకు ఉన్న మూలలోని మూడు దిమ్మలు ఎత్తించాను. ఆ మూల నీరు సరిగా ఆడదు. ఒకదాని అడుగున వేలిగోరంత మల్లెపూత కనిపించింది. కాల్చి తీసేశాను. కుంట గేట్లు రెండూ మూయించాను. సోములుకి ముందు జాగ్రత్త అని చెప్పాను.

రాజీ దిమ్మ కుంటకి రెండో కొసన ఉండేది. దాని అడుగు నా కళ్లతో చూశాను.

ఆషాఢ శుద్ధ విదియ

కొత్త కోడళ్లు ఆషాఢానికి పుట్టిళ్లకి వచ్చారు. నీలి ఒక సంచితో వచ్చింది. రాజీ పెట్టెతో వచ్చింది. పెట్టెలో దాని బట్టలన్నీ ఉన్నాయట. శ్రావణంలో పిలిస్తేనే రమ్మన్నారట అత్తవారు. పిలిచే ఆలోచన లేదని వాళ్ల మాటతీరే చెప్పిందట.

నీలి ఎండుచేపలు తిరగేస్తూ చెప్పింది: “బొటనేలు ఇరిగిన దిమ్మ, తిరగేసిన దిమ్మ, దాంతోనే దిబ్బకి ఈ పీడ పట్టినాదంతన్నారు. శ్రావణ శుద్ధ పంచమికి తాళ్లేసి లాగీసి, అక్కడే సుత్తుల్తో బద్దలు కొట్టేస్తారంట.”

“నీళ్లలో బద్దలు కొడతారా?”

“అవును. దిమ్మ పోతే పిల్ల కూడా పోయినట్టే కదేటి. మరి రానివ్వరు. అందరూ రాజీని అంతన్నారు. మా అత్త నన్ను నెత్తినెట్టుకుంటన్నాది. నాకేటో సిగ్గేస్తన్నాది అమ్మమ్మా. ఇద్దరం ఒక పడవలో ఎల్లినోళ్లమే కదా.”

రాజీ దిమ్మ అంచున నాలుగు మల్లెపూతలు పట్టి ఉన్నా చాలు, సుత్తి దెబ్బకి నాలుగు వేల ముక్కలవుతాయి. దిబ్బ మొత్తం పోతుంది. రాజీ కాపురమూ పోతుంది. రెండూ ఒకే రోజున పోతాయి.

నీలి చేప తిప్పుతూ ఆగింది. “నీ ఒంట్లో బానే ఉన్నాదా?”

“ఆ వరస మాడిపోతోంది, చూడు,” అన్నాను. మాడడం లేదు.

ఆషాఢ శుద్ధ నవమి

గాలి తగ్గింది. సోములు పడవలో నాగులరేవు వెళ్లి నీటికన్ను దించి చూశాను.

దిబ్బలో నూట పన్నెండు దిమ్మలు. మల్లెపూత పట్టినవి పదిహేడు. రాజీ దిమ్మకి ఒక పక్కనే పట్టింది, నీలి దిమ్మ వైపు ఉన్న పక్కన. అంచు పలచన, లేత. నీలి దిమ్మ కింది నుంచి అన్ని వైపులకీ పాకింది. అక్కడ పూత దట్టంగా, ముదురుగా ఉంది. నేను బడిలో ఇలాంటి బొమ్మ ఇచ్చి తల్లి మొక్క ఎక్కడుందో అడిగితే ఏడో తరగతి పిల్ల కూడా చెప్పేది.

రేవులో పెద్దలు కూర్చున్నారు. అందరూ నా మాట కోసం చూశారు. “రెండు దిమ్మలూ ఎత్తాలి. పైకి తెచ్చి ఎండబెట్టాలి. నీళ్లలో ఏదీ కొట్టకూడదు,” అన్నాను.

కొర్లమ్మ లేచింది. “మా కోడలి దిమ్మెందుకూ? బతికున్న కోడలి దిమ్మ ఎత్తుతారేటి ఎక్కడన్నా? ఎల్లగొట్టిన దానిదో, సచ్చిపోయిన దానిదో ఎత్తుతారు గానీ.”

“రెండూ ఒకే కుంట నుంచి వచ్చాయి. జాగ్రత్త కోసం.”

“నీ సేత్తో నువ్వే తిప్పి సూసి బిళ్ల కట్టేవు కదా మామ్మా. మరింక అనుమానమేటి?”

ఇక్కడ చెప్పాలి. చెప్పడానికే వచ్చాను. నోరు తెరిచాను కూడా.

“అనుమానం లేదు,” అన్నాను.

“అలగైతే రాజీదొక్కటే ఎత్తుతాం,” అన్నారు పెద్దలు.

తిరుగు ప్రయాణంలో సోములు పడవ నడిపాడు. నీళ్ల వైపే చూస్తూ, “ఆ రోజు కప్పీ తాడు పొడిగా ఉన్నాది మామ్మా,” అన్నాడు. దిమ్మను ఎత్తిన తాడు తడవాలి. నేను అది మరిచాను. వాడు ఐదు నెలలుగా మరవలేదు.

ఆషాఢ పున్నమి

ఈ రోజు కారణం రాస్తాను.

నియమం పెట్టిన ఏడాది ఊరు ఒప్పుకోలేదు. మీ ఇంటి పిల్లదైతే తిప్పుతావా అని అడిగారు. అప్పుడు నా కూతురు సరోజకి పెళ్లి. అందరి ముందూ దాని దిమ్మ తిప్పించాను. సరోజ పక్కనే నిలబడి నవ్వుతూ చూసింది. నాలుగో ఏట ఉప్పెనకి కొండచరియ జారి, సముద్రం పైకొచ్చి ఊరు మూడోసారి తరలినప్పుడు కట్టిన ఇళ్లతోపాటు సరోజ పోయింది. నీలికి అప్పుడు మూడేళ్లు.

ఉప్పెనకీ దిమ్మకీ సంబంధం లేదు. ఆ రాత్రి పోయిన తొమ్మండుగురిలో ఐదుగురు మగవాళ్లు. వాళ్లకి దిమ్మలే ఉండవు. మిగిలిన నలుగురిలో ఇద్దరివి నియమం రాకముందు దించినవి, ఎవరూ తిప్పనివి. ఈ లెక్క నేను ఎన్నోసార్లు వేశాను. ఎప్పుడు వేసినా సరిగ్గానే వస్తుంది. నీలి దిమ్మ ముందు కూర్చున్నప్పుడు కూడా వేశాను. అయినా చెయ్యి పలుగు మీదికి పోలేదు.

భయపడినందుకు కాదు నా తప్పు. నియమం పెట్టాక నేను తిప్పించిన దిమ్మలు ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిదిమంది తల్లులకీ ఈ భయమే. వాళ్ల భయానికి చదువు లేకపోవడం అని పేరు పెట్టాను. నా భయానికి ఏ పేరూ పెట్టకుండా బిళ్ల కట్టాను.

సాయంత్రం పోలమ్మ వచ్చింది. గడప దాటలేదు.

“పిన్నీ, మా పిల్ల దిమ్మ శుభ్రమని నువ్వొక్క మాట ఆళ్ల పెద్దల్తో సెప్పు. నీ మాటంటే ఆళ్లకి శాసనం. ఆ పిల్ల అన్నం ముడతలేదు. బొటనేలు పట్టుకుని కూకుంటది, దానిదే ఇరిగినట్టు.”

“చెబుతాను.”

“ఎప్పుడు?”

నేను జవాబు ఇచ్చేలోపు ఆమె ఇంకో మాట అంది, నెమ్మదిగా: “నాను సదువుకోలేదు. గానీ ఇసకలో బోర్లా పడ్డ సెయ్యి ఎలగుంటదో నాకు తెలుసు. నీలి సెయ్యికి ఒక్క గీత లేదు.”

వెళ్లిపోయింది. నన్ను నిలదీయడానికి రాలేదు. నాకు ఇంకా సమయం ఉందని చెప్పడానికి వచ్చింది.

ఆషాఢ బహుళ దశమి

నాగులరేవు కబురు: పట్టినవి ఇరవై ఆరు.

నీలి నా తల దువ్వుతోంది. దువ్వెన ఆపకుండానే అడిగింది. “అమ్మమ్మా, నా దిమ్మ తిప్పేవా?”

“లేదు.”

దువ్వెన ఆగింది.

“రాజీది?”

“తిప్పాను.”

“ఆళ్లమ్మ ఏడిసినాది కదా.”

“ఏడ్చింది.”

“నాకైతే ఏడ్సీ అమ్మ లేదు,” అంది నీలి. “నాది తిప్పీవలసింది.”

జుట్టు మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. నేను తిరిగి చూడలేదు. “నిన్ను పోగొట్టుకుంటానేమో అని…” అని మొదలుపెట్టాను.

“నా మీద పేమ కొద్దీ సేసేనని అనకు. అంటే ఆ పాపం నాకు కూడా వస్తది.” పాయ మార్చి వేసింది. “ఇప్పుడు సెప్తే నా దిమ్మ ఎత్తేస్తారు. మా అత్త సంగతి నీకు తెలదు. సెప్పకపోతే రాజీ దిమ్మ పగిలిపోద్ది.”

“నువ్వేం చెప్పమంటావు?”

“నన్నడక్కు. తప్పు నీది, నోరు నీది. నాను పడవలో కూకుంటాను, అంతే.”

జడ అల్లడం పూర్తి చేసింది. గట్టిగా లాగింది. నొప్పి పుట్టినా ఊరుకున్నాను.

శ్రావణ శుద్ధ చవితి

ఇది నాగులరేవు సత్రంలో కూర్చుని రాస్తున్నాను.

పడవలో నేను, సోములు, నీలి, రాజీ, పోలమ్మ వచ్చాం. రేవులో తాళ్లు, సుత్తులు సిద్ధంగా ఉన్నాయి. పెద్దలు, ఊరు, కొర్లమ్మ, అందరూ ఉన్నారు. పడవ దిగకముందే చెప్పాను. దిగితే మళ్లీ “జాగ్రత్త కోసం” అంటానేమో అని.

“నీలి దిమ్మ నేను తిరగేయలేదు. తిరగేశానని బిళ్ల కట్టాను. మల్లెపూత దాని అడుగు నుంచే వచ్చింది. పోయిన నెల నీటికన్నులో చూశాను. చూసి కూడా అనుమానం లేదన్నాను. రాజీ దిమ్మ శుభ్రం. అది నేను తిప్పి చూశాను.”

ఎవరూ అరవలేదు. అరుస్తారని సిద్ధపడి వచ్చాను.

ఒక పెద్దమనిషి అన్నాడు: “పోయిన నెల సెప్పుంటే పదిహేడు. ఇప్పుడు ముప్పై మూడు.”

“అవును. తేడా పదహారు. ఆ పదహారూ నావి,” అన్నాను.

తాళ్లు వేశారు. లాగింది నీలి దిమ్మని. గోనెలో చుట్టి, ఒక్క ముక్క రాలకుండా పైకి తెచ్చారు. ఆలుచిప్పలు మిగిలి ఉన్నాయి, పది కూడా ఉండవు. పైన నీలి అరచెయ్యి చెక్కుచెదరకుండా ఉంది.

కుర్రాళ్లు పలుగు పట్టుకోబోయారు. నేను అడిగి తీసుకున్నాను. దూర్చాను. బలంగా తోశాను. దిమ్మ కదల్లేదు. మళ్లీ తోశాను. ఊరంతా చూస్తోంది.

పలుగు మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి. పోలమ్మ.

“ఒక్కత్తివే ఏటి తిప్పుతావు, నడుం పట్టేస్తది,” అంది. నా వైపు చూడలేదు. “ఊఁ, తొయ్యి.”

దిమ్మ తిరిగింది. నా మనవరాలి చెయ్యి ఇసకలో బోర్లా పడింది. అడుగు మధ్యన, అద్దం పోని చోట, రెండు అరచేతుల వెడల్పున తల్లి పూత ఉంది. ముదిరి పసుపురంగు తిరిగింది. ఇది మాఘంలోనే ఉంది. పలుగుతో ఒక్క క్షణం ఎత్తి ఉంటే కనిపించేది.

రాజీ అత్త వచ్చి రాజీ పెట్టె తనే అందుకుంది. క్షమించమనలేదు గానీ పెట్టె మాత్రం కింద పెట్టలేదు. కొర్లమ్మ నీలిని పిలవలేదు. నీలి కాసేపు నిలబడింది. తర్వాత తన సంచి తనే భుజాన వేసుకుని, అత్త పక్క నుంచి నడిచి ఇంట్లోకి వెళ్లింది. కొర్లమ్మ అడ్డుపడలేదు. వెనకాల వెళ్లనూ లేదు.

రేపటి నుంచి ఎండబెట్టాల్సినవి ముప్పై మూడు. వాటి మీదున్న ప్రాణమంతా పోతుంది. మిగిలిన డెబ్భై తొమ్మిదికి అవకాశం ఉంది.

కార్తీక శుద్ధ దశమి

పోటు మధ్యాహ్నం మూడున్నరకు. కుంటలో ఉప్పు మూడు శాతం, వాన వల్ల.

తనిఖీ బిళ్లలు నా దగ్గర లేవు. ఊరు తీసుకుంది, నేను ఇచ్చాను. ఇప్పుడు పలుగు పోలమ్మది, లెక్క సోములుది. ఉప్పు చూడడం మాత్రం నాకు వదిలారు. నాగులరేవు దిబ్బలో కొత్తగా పట్టినవి ఈ నెల రెండే. రాజీకి నెల తప్పింది. నీలి తన చెయ్యి అద్దిన కొత్త దిమ్మను అక్కడి నీటిలోనే దించుకుంది. ఆ సంగతి రాజీ చెబితే తెలిసింది. నీలి నాకు బొమ్మ పంపలేదు.

ఈ రోజు తెడ్డువారింటి పిల్ల దిమ్మకి తనిఖీ. తల్లి పేరు చిట్టెమ్మ. పోలమ్మ “తిప్పండి” అనగానే దిమ్మని కావిలించుకుంది. అందరూ నా వైపు చూశారు. అలవాటు కొద్దీ.

నేను ఇంటికి పోయి నా పాత నేత చీర ఒకటి తెచ్చాను. నాలుగు మడతలు వేసి, దిమ్మ పడే చోట ఇసక మీద పరిచాను. చిట్టెమ్మ పక్కన కూర్చున్నాను. కూర్చోవడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. అయినా కూర్చున్నాను.

“పిల్ల సెయ్యి బోర్లా పడితే ఏటవుతాది మామ్మా?” అంది.

కడిగిన ఇసక అనలేదు. తొమ్మండుగురి లెక్కా చెప్పలేదు.

“నాకు తెలియదమ్మా. నాకూ భయమే. అయినా తిప్పాలి,” అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పోలమ్మ తోసింది. దిమ్మ చీర మీద బోర్లా వాలింది. ఇద్దరం చూశాం. అడుగు శుభ్రం.